పదిహేడో భాగం, సగం వరకు

ఆ సీరియల్‌లో మొత్తం ఇరవై ఆరు భాగాలు. పదహారింటికి పూర్తిగా గొంతు ఇచ్చాను. పదిహేడోదానికి సగం వరకే ఇవ్వగలిగాను. ఆ తర్వాత మళ్లీ మైకు ముందు కూర్చోలేదు. ఎందుకు మానేశావని కోరుట్లలో చాలామంది అడిగారు. గొంతు పాడైందని చెప్పేవాణ్ని. అప్పుడు పిల్లలుగా ఉండి, ఇప్పుడు ఫోన్‌లోనే సొంత చానెళ్లు నడుపుతున్నవాళ్లు ఈమధ్య కూడా అడుగుతున్నారు. వాళ్లకోసమే ఇది రాస్తున్నాను. ఇన్నేళ్లూ రాయకపోవడానికి కారణం ఒక మనిషి. ఆమె పోయిన నెల చనిపోయింది.

నేను పనిచేసింది ఒక కేబుల్ ఆఫీసులో. ఆఫీసంటే మేడమీద ఒక గది. సొంతంగా ఒక లోకల్ చానెల్ ఉండేది. అందులో పాత సినిమాలు, పెళ్లి వీడియోలు వేసేవాళ్లం. తెర కింది అంచున అక్షరాలు పరుగెత్తేవి. దాన్ని స్క్రోలింగు అనేవాళ్లం. పోయిన సర్టిఫికెట్లు, తప్పిపోయిన బర్రెలు, పంటి డాక్టరు వచ్చే రోజు, చావులు, అన్నీ అందులోనే వచ్చేవి. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం ఊపందుకున్నాక ఏ రోడ్డు బందు, ఎక్కడ వంటావార్పు అన్నది కూడా జనం అందులోనే చూసుకునేవాళ్లు. పేపరు రేపు చెప్పేది మేము ఇప్పుడే చెబుతామని మాకు గొప్ప.

నేను పదో తరగతి తప్పినవాణ్ని. చదువంతా శాఖా గ్రంథాలయంలో నేర్చుకున్నదే. సాయంత్రం తలుపులు తెరిచేసరికి మెట్లమీద ఉండేవాణ్ని. ఇంగ్లీషు నిఘంటువు అట్ట ఊడిపోయేదాకా తిరగేశాను. ఎవరు ఏది రాసి తెచ్చినా ఆకుపచ్చ సిరాతో దిద్దందే తెరమీదికి పోనిచ్చేవాణ్ని కాదు. కంప్యూటర్ మీద కూర్చునే ఆపరేటర్ నాకంటే పదిహేనేళ్లు చిన్న. నన్ను ‘లైబ్రరీ సారు’ అనేవాడు. ఆ మాటలో కొంత ఎగతాళి ఉందని తెలుసు. అయినా వినడానికి బాగానే ఉండేది.

క్యాసెట్లు జగిత్యాలలో దొరికాయి. అక్కడ ఒక భాయ్ వీడియో దుకాణం మూసేస్తున్నాడు. అట్టపెట్టె నా ముందుకు తోసి, “తీస్కపో భాయ్. మా అబ్బా కాలంల తెప్పిచ్చినయ్. నలుపు తెలుపు, ఇంగ్లీషు. ఎవ్వలు సూడరు. నువ్వు సదువుకున్నోనివి, నీకు సమజయితది” అన్నాడు. సదువుకున్నోనివి అన్నందుకే తెచ్చుకున్నాను.

అందులో హీరో పగలంతా గడియారాలు బాగుచేసుకునే మనిషి. ఆపదలో ఉన్నవాళ్లు ఎంత దూరం నుంచి పిలిచినా అతనికి వినిపిస్తుంది. వినిపించగానే ముసుగు వేసుకుని గాలిలో ఎగిరిపోతాడు. ఆ ఎగరడం చూస్తే నడుముకు కట్టిన తాడు కనబడేది. పిల్లలకు కూడా కనబడేది. అయినా ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ముందుగా రికార్డు చేసే సరంజామా మా దగ్గర లేదు. క్యాసెట్ నడుస్తుంటే దాని శబ్దం తగ్గించి, నేను మైకులో అప్పటికప్పుడు తెలుగులో చెప్పేవాణ్ని. హీరో, దొంగలు, ముసలమ్మలు, కుక్క, అన్నీ నేనే. రాత్రి నోటుబుక్కులో పుస్తకాల భాషలో రాసుకునేవాణ్ని. తీరా మైకు ముందుకు వచ్చాక మన మాటే వచ్చేది. ప్రతి భాగం చివర హీరో ముసుగు సర్దుకుని ఒకే మాట అంటాడు. దాన్ని నేను “పిలిచిండ్రు, అచ్చిన” అని పెట్టాను. కోరుట్ల గల్లీల్లో పిల్లలు గోడ దూకినా ఆ మాటే, అన్నానికి పిలిస్తే వచ్చినా ఆ మాటే. నా జీవితంలో నేను రాసినవాటిలో జనం నోట నిలిచింది ఆ రెండు మాటలే.

ఉద్యమంలో భాగంగా సమ్మె మొదలై బడులు మూతపడ్డాయి. పిల్లలకు పనిలేదు. రోజూ పొద్దున పదింటికి సీరియల్ వేసేవాళ్లం. బీడీలు చేసే ఆడవాళ్లు చాటలు ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఆడిస్తూనే పిల్లలతోపాటు చూసేవాళ్లు. బొగ్గు బావులు కూడా సమ్మెలోనే ఉన్నాయి. కరెంటు ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు.

ఆ రోజు బందు. పదిహేడో భాగం వేశాం. దాని కథ ఇది. శత్రువులు ఒక పెద్ద గంట తయారు చేసి హీరో చెవుల దగ్గర మోగిస్తారు. అతనికి వినికిడి పోతుంది. ఊరిమీదికి ఆనకట్ట నీళ్లు వస్తుంటాయి, జనం కేకలు వేస్తుంటారు, అతను దుకాణంలో తల వంచుకుని గడియారం విప్పుతుంటాడు. అతనికి ఏమీ వినిపించదు కాబట్టి మనకూ ఏమీ వినిపించకుండా తీశారు. బొమ్మ కదులుతుంది, శబ్దం ఉండదు. నలభై సెకన్లు. నోటుబుక్కులో ఆ చోట ‘మౌనం’ అని రాసుకున్నాను.

ఆ మౌనం మొదలవడానికి ముందే ఆఫీసు ఫోను మోగింది. ఆపరేటర్ తీశాడు. మాట్లాడి, చీటీ రాసి నా ముందు పెట్టాడు. సిరిసిల్లలో మరమగ్గాల ఆసామి ఒకాయన చేశాడట. ఆయన దగ్గర పనిచేసే మనిషిది కోరుట్ల. కరెంటు లేక మగ్గాలు నడవకపోవడంతో ఆ మనిషి తెల్లవారే బరువులు దించే పనికి పోయాడు. నూలు చుట్టిన ఇనుప బీము జారి ఛాతీమీద పడింది. ఇంటివాళ్లకు ఫోన్ లేదు, ఎట్లా చెప్పాలో తెలియక టీవీలో వేయమంటున్నాడు. చీటీలో ఆ మనిషి పేరు, వాడకట్టు, ఆ తర్వాత ఇట్లా ఉంది: ‘సీరియస్‌గా ఉన్నాడు. భార్య, బిడ్డ వెంటనే సిరిసిల్ల ఆసుపత్రికి రావాలి.’

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర చావును దూరం నుంచి చెప్పరు. సీరియస్ అంటారు. విన్నవాళ్లు దారిలో పడిపోకుండా ఇల్లు చేరాలని అట్లా చెబుతారు. మా నాయిన పోయినప్పుడు నాకూ అట్లాగే చెప్పారు. మూడు గంటలు బస్సులో ఆశతో కూర్చున్నాను. దిగాక వాకిట్లో జనాన్ని చూశాను. ఆ ఆశ పెట్టినవాళ్ల మీద నాకు కోపం పోలేదు. ఆ తర్వాత గ్రంథాలయంలో వార్తలు రాయడం గురించిన పుస్తకం ఒకటి దొరికింది. చావును చావనే రాయాలి అని అందులో ఉంది. ఆ వాక్యాన్ని నాకోసమే రాశారనుకున్నాను.

తెరమీద మౌనం మొదలైంది. నేను మైకును చేత్తో మూసి, కలం తీసి ‘సీరియస్‌గా ఉన్నాడు’ అన్నది కొట్టేసి ‘ఈ ఉదయం మృతి చెందారు’ అని రాశాను. ‘భార్య, బిడ్డ వెంటనే రావాలి’ అన్నది కూడా కొట్టేశాను. పోయాక తొందరేముంది?

ఆపరేటర్ చీటీ చూసి గొంతు తగ్గించి, “ఫోన్ల సీరియస్ అన్నడే” అన్నాడు.

“సీరియస్ అంటే ఏందో నీకు తెల్వదా?”

“తెల్సు.”

“మరి?”

అతను టైపు చేశాడు. నలభై సెకన్లలో ఇదంతా అయిపోయింది. నేను మైకు మీది నుంచి చెయ్యి తీసి, నీళ్లలో కొట్టుకుపోతున్న ముసలమ్మ గొంతుతో అరవడం మొదలుపెట్టాను. ఇంకో పది నిమిషాలకు కరెంటు పోయింది. హీరో చెవులు అట్లాగే ఉండిపోయాయి.

ఆ ఇంట్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. తల్లికి చదువు రాదు. బిడ్డ మూడో తరగతి. కొత్తగా చదవడం వచ్చిన పిల్ల కాబట్టి సీరియల్ చూస్తూ కింద పోయే అక్షరాలు కూడా గట్టిగా చదివేదట. “అమ్మా, నాయిన పేరచ్చింది టీవీల” అని సంబరంగా లేచి నిలబడింది. మిగతా అక్షరాలు మళ్లీ తిరిగి వచ్చేదాకా తెర ముందే ఉండి, పూర్తిగా చదివింది.

మధ్యాహ్నం పన్నెండు దాటింది. కరెంటు రాలేదు. ఫోను మోగితే నేనే తీశాను. ఆసామి.

“ఏందన్నా, ఇంటోళ్లు ఎల్లలేదా ఇంకా? పొద్దటి సంది బిడ్డ అచ్చిందా, బిడ్డ అచ్చిందా అని ఒకటే అడుగుడు.”

“ఎవరు అడుగుతున్రు?”

“ఎవరేందన్నా. గాయినే. డాక్టరు సాయంత్రం దాక గూడ నమ్మకం లేదంటున్నడు. జెప్పన తోలుండ్రి.”

నేను ఫోను పెట్టానో లేదో గుర్తులేదు. ఆపరేటర్ నా ముఖం చూసి చీటీ వైపు చూశాడు. ఆకుపచ్చ సిరా అట్లాగే ఉంది. “నేను జెప్పిన గదా సారూ” అని ఒక్క మాట అన్నాడు. తర్వాత ఎన్నడూ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

స్కూటర్ మీద ఆ వాడకట్టుకు పోయాను. ఇంటి ముందు జనం ఉన్నారు. బీడీలకని ఆరబెట్టిన తునికాకు వాకిట్లో చెల్లాచెదురుగా పడి ఉంది. ఆ మనిషి అన్న అరుగుమీద కూర్చుని, బందు అయ్యాక సిరిసిల్ల నుంచి శవం ఎట్లా వస్తుంది, కట్టెలు ఎవరు తేవాలి అని చెబుతున్నాడు. నేను ఆయన ముందుకు పోయి చెప్పాను. తప్పు వేశామని, మనిషి బతికే ఉన్నాడని, సీరియస్‌గా ఉన్నాడని.

ఆయన కోపానికి రాలేదు. నా భుజంమీద చెయ్యి వేశాడు.

“నువ్వు మంచికే చెప్తున్నవు తమ్మీ. మరదలు ఏడుస్తుందని జూసి చెప్తున్నవు. మాకు తెల్వదా గీ ముచ్చట్లు?”

“కాదన్నా, నిజంగనే ఉన్నడు. ఆసామి ఇప్పుడే ఫోన్ జేసిండు.”

“ఆసామి ఇంకేమంటడు? గట్లనే అంటడు. ఆయిన జాగల ఉంటే నేను గట్లనే అంట.”

సెల్‌ఫోన్ తీసి ఆసామి చేసిన నంబరుకు చేశాను. ఎవరూ ఎత్తలేదు. ఒక ముసలాయన, “ఇడువు బిడ్డా, పోయి నీ పని జూస్కో” అన్నాడు. అక్కడ ఉన్న ఇరవైమందిలో ఎవరికీ నా మాట అబద్ధమని అనిపించలేదు. దయ అనిపించింది. చచ్చాడని నేను రాస్తే ఒక్కసారికే నమ్మారు. బతికి ఉన్నాడని చెబితే ఆ మాట కూడా చావు కబురుగానే వినిపించింది. చిన్నప్పటి నుంచి ఎన్ని మాటలు నేర్చుకున్నానో. బతికి ఉన్నాడు అన్నదానికి ఇంకో మాట దొరకలేదు.

లోపలి గడప దగ్గర పిల్ల నిలబడి ఉంది. నన్ను అంతకుముందు చూసింది లేదు. నేను మాట్లాడుతుంటే కళ్లు పెద్దవి చేసుకుని చూస్తోంది. లోపలికి ఉరికి, తల్లి చెయ్యి పట్టి గుంజుతూ, “అమ్మా, ఆయినే అచ్చిండు. గాయిన అబద్ధమాడడు. లే” అంది.

“ఎవలే?” అంది తల్లి.

“పిలిచిండ్రు అచ్చిన అంటడు సూడు, గాయిన.”

తల్లి లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలియదు. నమ్మి మాత్రం కాదు. బిడ్డ అంత గట్టిగా గుంజుతుంటే కూర్చోవడం చేతగాక లేచి ఉంటుంది. “పోనియ్యి బావా” అంది. అన్న కాసేపు తలపట్టుకుని, సరేనని, తానూ వెనక ఇంకొకరి బండిమీద వస్తానన్నాడు.

కథలాపూర్, రుద్రంగి మీదుగా బయలుదేరాం. పిల్ల నా ముందు నిలబడింది, తల్లి వెనక. దారిపొడుగునా రాళ్లు, ముళ్లకంపలు. ప్రతిచోటా ఆపేవాళ్లు. నేను సీరియస్ అనేవాణ్ని. ఆ మాట వినగానే నినాదాలు ఆపేసి, తల్లి ముఖం చూసి, రాళ్లు జరిపేవాళ్లు. ఒకతను నా చెవిదగ్గరికి వంగి, “ఎన్ని గంటలకు పోయిండన్నా?” అని అడిగాడు.

వేములవాడ ఇవతల వంటావార్పు, రోడ్డుమీదే పొయ్యిలు పెట్టి వండుతున్నారు. అక్కడి పెద్దమనిషి మా సంగతి విని స్కూటర్ తాళం తీసి తన జేబులో వేసుకున్నాడు.

“పసిపిల్ల మొఖం సూడు ఎట్లున్నదో. రెండు బుక్కలు పెట్టిపియ్యి. ఇంటికి పోయినంక ఎవలు పెడ్తరు ఆమెకు?”

“తొందరున్నది పటేలా. సీరియస్.”

“తెల్సు తీ అన్నా. ఇగ తొందరేముంటది?”

ఉదయం నేను అనుకున్న మాటే. విస్తరిలో అన్నం, పప్పు పెట్టారు. తల్లి ముట్టలేదు. పిల్ల మాత్రం, తింటేగాని పోనివ్వరని ఎట్లా గ్రహించిందో, రెండు చేతులతో గబగబా తిన్నది. తాళం చేతికి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయాయి. నేను ఎవరినీ తప్పుపట్టలేను. అంత మంచిగా చూసుకున్నారు.

బండి కదిలాక పిల్ల తల వెనక్కి తిప్పి అడిగింది.

“మామా, ఆయినకు చెవులు అస్తయా?”

నేను హీరో గొంతుతో, “అస్తయ్” అన్నాను.

“నాయిన ఉన్నడా?”

“ఉన్నడు. పిలిచిండు గదా, పోతున్నం.” అదే గొంతుతో అన్నాను. నా సొంత గొంతుతో అనే ధైర్యం లేకపోయింది.

ఆసుపత్రి చేరేసరికి నాలుగు కావస్తోంది. ఆసామి మెట్లమీద కూర్చుని ఉన్నాడు. తలమీద తువ్వాల. మమ్మల్ని చూసి లేవలేదు. తల్లి అతన్ని దాటి లోపలికి పోయింది. ఆమె ఏడుపు వినిపించేదాకా నేను బండి దగ్గరే ఉన్నాను. హీరో ప్రతి భాగం చివర అనే మాట ఎక్కడి నుంచో గొంతులోకి వచ్చింది. దాన్ని మింగేశాను.

వెనకే అన్న దిగాడు. ఆసామి ఆయనతో, “మూడింటి దాక మాట్లాడిండు...” అని మొదలుపెట్టాడు. అన్న అతని నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. ఒక్క క్షణంలో ఆయనకు అంతా అర్థమైంది. నా వైపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

“పొద్దుగాలనే పోయిండు” అన్నాడు మాతో మెల్లగా. “అందరం గదే జెప్పాలె. బిడ్డ కోసం ఎదురు జూసి పోయిండని ఆమెకు తెలిస్తే, ఇగ ఆమె ఉంటదా?” తర్వాత నా ఒక్కడితోనే అన్నాడు, “నువ్వు టీవీల ఏసినవు గదా. గదే నిజం.”

కాసేపటికి తల్లి బయటికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది.

“అన్నా, పోయిండని ఎరుకుండి గూడ ఉన్నడు ఉన్నడనుకుంట గింత దూరం తోల్కచ్చినవు. నీ కడుపు సల్లగుండ.”

 ఆ రోజు నుంచి పోయిన నెల దాకా ఆమెకు నిజం చెప్పలేదు. ఆమె బజారులో కనబడితే నిలబడి పలకరించేది. పక్కనున్నవాళ్లకు నన్ను చూపించి, ఎంత మంచి మనిషో చెప్పేది. కొన్నాళ్లకు ఆమె బీడీలు అప్పజెప్పే దారి వదిలి, గ్రంథాలయానికి చుట్టుతిరిగి పోవడం అలవాటు చేసుకున్నాను. చావును చావనే రాయాలని చీటీ దిద్దిన మనిషిని, ఒక అబద్ధానికి కాపలా కాస్తూ ముసలివాణ్నయ్యాను. ఆ పుస్తకం ఇప్పటికీ గ్రంథాలయంలో ఉంది. అందులో ఆ వాక్యం సరైనదే. దానికి ముందు పేజీలో ఇంకో వాక్యం ఉంది: విన్నది విన్నట్టు రాయాలి. అది నేను చదివే ఉంటాను.

పోయిన నెల చనిపోయిన ఆ తల్లి పదకొండో రోజుకు పోయాను. బిడ్డ ఇప్పుడు జగిత్యాలలో బట్టల దుకాణంలో లెక్కలు రాస్తుంది. జనం పలచబడ్డాక, పెరట్లో చాయ్ గ్లాసులు కడుగుతుంటే దగ్గరికి పోయి అంతా చెప్పాను. చీటీ, ఆకుపచ్చ సిరా, మధ్యాహ్నం ఫోను, అన్నీ. ఆమె గ్లాసు కడగడం ఆపలేదు.

“నాకు ఎరుకే.”

“ఎవరు చెప్పిండ్రు? పెద్దనాయినా?”

“ఎవలు చెప్పలే. దవాఖాన కాయితంల టైం రాసి ఉన్నది. మూడు గంటల పది నిమిషాలు. గా కాయితం అమ్మ రేకుడబ్బల భద్రంగ దాస్కున్నది. అమ్మకు సదువు రాదు గదా.” ఇంకో గ్లాసు చేతిలోకి తీసుకుని, “ఐదో తరగతిల ఉన్నప్పుడు సదివిన. మల్ల మడిచి అండ్లనే పెట్టిన” అంది.

 ఆమె గ్లాసులన్నీ బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

“ఆ దినం సగంల కరెంటు పోయింది గదా మామా. తర్వాత ఏమైంది? ఆయినకు చెవులు అచ్చినయా?”

ఆ రోజు తర్వాత ఆ క్యాసెట్ రెండో సగం నేను ఒక్కసారే చూశాను, శబ్దం లేకుండా. “అచ్చినయ్” అన్నాను.

“టైముకు పోయిండా?”

“పోయిండు.”

“పోతడు తీ” అంది. “ఆయిన పిలిచింది పిలిచినట్టు ఇంటడు గదా.”